లక్నవరం నీళ్లు ముందు ఆయకట్టువి

ఏప్రిల్ వచ్చిందంటే ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు మీద ఒకే రకం వీడియోలు మొదలవుతాయి. వేలాడే వంతెన మీద నిలబడి ఫోన్ కిందికి తిప్పుతారు, ఒడ్డున పగుళ్లిచ్చిన బురద చూపిస్తారు, "హైదరాబాద్ నుంచి ఇంత దూరం వస్తే నీళ్లే లేవు, పెట్రోల్ దండగ" అంటారు. టూరిస్టుల కోసమైనా కొన్ని నీళ్లు ఆపి ఉంచొచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడిగినవాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. ఆ నీళ్లు ఎటు పోయాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను: మా తల్లిగారి ఊరి పొలాల్లోకి పోయాయి. అక్కడ వరి గింజ పట్టింది, కోత మిషన్ దిగింది, వడ్లు కాంటాకు పోయాయి. చెరువు చేయాల్సిన పని చేసింది.

మాది ములుగు జిల్లా గోవిందరావుపేట మండలం. పెళ్లయ్యాక నేను హన్మకొండలో ఉంటున్నా, అమ్మా తమ్ముడూ అక్కడే ఉన్నారు, చెరువు కింది పొలమే వాళ్లకు ఆధారం. లక్నవరం గానీ రామప్ప గానీ పాకాల గానీ కాకతీయుల కాలంలో కట్టినవే, కట్టిన తీరు కూడా దాదాపు ఒకటే. గుట్టల నడుమ సందు చూసుకుని అడ్డంగా కట్ట పోశారు, వాన నీళ్లను ఆపారు, తూములు పెట్టి కింది భూములకు వదిలారు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించినప్పుడు పక్కనే చెరువు కూడా ఉండాలనుకోవడం ఊరికే కాదు. గుడి, ఊరు, చెరువు కలిపి ఆలోచించే పద్ధతి అది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మనం గుడిని, చెరువును చూడటానికి పోతున్నాం, నడిమధ్యన ఉన్న ఊరిని మాత్రం చూడటం లేదు.

ముందు నీళ్ల సంగతి పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టే తిరుగుతాయి. వానకాలం పంట చేతికొచ్చాక చెరువులో ఎన్ని అడుగుల నీళ్లు మిగిలాయో చూసి, అధికారులు, రైతులు కూర్చుని యాసంగికి, అంటే ఎండాకాలం పంటకు, ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో ఖరారు చేస్తారు. దాన్ని తైబందీ అంటారు. చెరువు నిండా ఉంటే మొత్తం ఆయకట్టుకు (చెరువు కింద సాగయ్యే భూమికి), తక్కువగా ఉంటే కొంత భాగానికే, ఈ ఏడు ఈ కాల్వ కింద, వచ్చే ఏడు ఆ కాల్వ కింద. వంతు రాని రైతులు ఆ యాసంగికి పొలం పడావు పెడతారు, లేదా బోరు ఉంటే మక్కజొన్నో ఇంకేదో వేసుకుంటారు. తైబందీ రోజు ఊళ్లో గొడవలు కూడా అవుతాయి, అరుచుకుంటారు, మా నాన్న ఉన్నప్పుడు ఆ మీటింగు నుంచి ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. ఒకసారి నిర్ణయం అయ్యాక తూములు తీస్తారు, వంతుల ప్రకారం తడులు ఇస్తారు, చెరువు మెల్లమెల్లగా దిగుతుంది. మార్చిలో వరి పొట్టకొచ్చే వేళ ఒక్క తడి అందకపోయినా గింజ తాలుపోతుంది. అంటే బోటింగ్ కోసం ఎవరైనా రెండడుగుల నీళ్లు ఆపాలని అనుకుంటే, ఆ రెండడుగులు ఎవరో ఒకరి ఆఖరి తడి.

ఇప్పటికే ఎవరో అధికారుల దగ్గరికి పోయి తూము మూయమని అడిగారని నేను అనడం లేదు. నా భయం రేపటిది. చెరువు మధ్య దీవుల్లో కాటేజీలు కట్టాక, బోట్లు తెచ్చాక, లక్షలు కోట్లు నీళ్ల మీద పెట్టాక, ఆ పెట్టుబడికి నీళ్లు ఏడాది పొడుగునా కావాలి. తైబందీ మీటింగులో రైతు నోటి మాటగా అడుగుతాడు. పెట్టుబడి పెట్టినవాళ్లు కాగితం మీద, లెక్కలతో, పెద్దవాళ్ల దగ్గర అడుగుతారు. ఆ రోజు రాకముందే ఒక్క ముక్క రాసి పెట్టాలని నా కోరిక: చెరువు నీటిమట్టం మీద నిర్ణయం తైబందీదే, టూరిజం దానికి తగ్గట్టు తన కాలం సర్దుకోవాలి. అది పెద్ద కష్టమేమీ కాదు. డిసెంబరు, జనవరిలో తైబందీ ఖరారు కాగానే ఆ సంగతి టికెట్లు అమ్మే చోట, ఆన్‌లైన్‌లో పెట్టండి: ఈ ఏడు ఇన్ని ఎకరాలకు నీళ్లు వదులుతున్నాం, మార్చి తర్వాత చెరువు తగ్గుతుంది, నిండుగా చూడాలంటే ఆగస్టు నుంచి జనవరిలోపు రండి. తెలిసి వచ్చినవాళ్లు బురదను చూసి తిట్టుకోరు. కొందరికి ఆ కింది పచ్చటి పొలాలను చూడాలని కూడా అనిపించవచ్చు, నా దృష్టిలో ఆ ఎండాకాలంలో అక్కడ చూడదగ్గది అదే.

చేపలు పట్టేవాళ్లది ఇంకో బాధ. చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది, రాత్రి వలలు వేసి తెల్లవారి తీస్తారు. మోటారు బోటు పోయే దారిలో వల ఉంటే తెగుతుంది. తెగిన వలకు ఎవరు డబ్బులివ్వాలన్నది ఎక్కడా రాసి లేకపోతే, అది పట్టేవాడి నెత్తినే పడుతుంది. బోట్లు ఏ దారిన పోవాలి, ఎన్ని గంటలకు మొదలవ్వాలి అన్నది సంఘం వాళ్లతో కూర్చుని గీసుకుంటే సరిపోయే విషయం, అది కూడా చెయ్యకపోతే ఎట్లా?

ఇక రోడ్డు. మా వైపు ఏడాదికి రెండుసార్లు వడ్లు ఆరబోస్తారు, నవంబరు, డిసెంబరుల్లో ఒకసారి, ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి. తేమ శాతం తగ్గకపోతే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. ఆరబోయడానికి జాగా లేని రైతు తారు రోడ్డు మీదే పోస్తాడు, చుట్టూ రాళ్లు పెడతాడు, రాత్రి మీద నల్ల పరదా కప్పుతాడు. ఆ రాళ్లు, ఆ పరదాలు చీకట్లో కనబడక బైకులు పడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, అది నేను కాదనను, రోడ్డు మీద వడ్లు పోయడం మంచి పద్ధతి అని ఎవరూ అనరు. అదే రెండు కాలాల్లో, ఆదివారాల్లో, సెలవుల్లో, కార్లు వరస కడతాయి. వడ్ల మీదుగా ఎక్కించి పోతారు. "అక్కా, ఆదివారం పొద్దుగాల ట్రాక్టర్ తీయాలంటే భయమైతాంది," అంటాడు మా తమ్ముడు. "మలుపు కాడ్నే బండ్లు ఆపి ఫోటోలు దిగుతాండ్రు. హారన్ కొడితే మననే తిడుతాండ్రు, ఊరోళ్లకు తెలివి లేదని." వాడు కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. నన్ను అడిగితే టూరిజం కోసం రోడ్డు వెడల్పు చేసే ప్రతి అంచనాలో ఆ రోడ్డు మీది ఊళ్లకు వడ్లు ఆరబోసే కల్లాల ఖర్చు కూడా రాయాలి. సిమెంటు కల్లం ఉన్న రైతు రోడ్డు మీదికి రాడు, కారు నడిపేవాడికి రోడ్డు దొరుకుతుంది.

ఇంత రాశాను కాబట్టి టూరిస్టులే రావద్దంటున్నానని అనుకోకండి. మా చిన్నమ్మ చెరువుకు పోయే దారిలో చాయ్, మిర్చి బజ్జీల బండి పెట్టుకుంది. ఆదివారం వచ్చినంత గిరాకీ మిగతా వారమంతా కలిపినా రాదు. ఆ డబ్బులతోనే కూతుర్ని వరంగల్‌లో నర్సింగ్ చదివిస్తోంది. తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో బొంగు చికెన్ కాల్చే పిల్లలున్నారు, అడవిలోంచి వెదురు బొంగు తెచ్చి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. కూలికి పోతే రాని డబ్బు సీజన్లో వాళ్లకు వస్తుంది. ఊళ్లో ఆటో నడిపేవాళ్లు, రామప్ప దగ్గర గుడి చూపించేవాళ్లు, వీళ్లందరికీ మనుషులు రావాలి. టూరిజం ఆగిపోతే మొదట నష్టపోయేది వీళ్లే, హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు కాదు. అందుకే నేను వాదించేది వరస గురించి. నీళ్లు, జాగా, నిర్ణయం విషయంలో ఊరికి మొదటి వంతు ఉండాలి. వచ్చే డబ్బులో ఊరికి కళ్లకు కనబడే వాటా ఉండాలి.

ఇప్పుడు ఆ వాటా ఎక్కడుందో చూద్దాం. ఒక కుటుంబం హైదరాబాద్‌లోనే ఆన్‌లైన్‌లో గది బుక్ చేస్తుంది, దారిలో హైవే హోటల్లో తింటుంది, చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు కారులోనే తెచ్చుకుంటుంది, బోటు టికెట్ కొంటుంది, రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్లిపోతుంది. ఊళ్లో మిగిలేది చాయ్ డబ్బులు, ఖాళీ సీసాలు. ఆ సీసాలను ఎత్తేది పంచాయతీ ట్రాక్టర్, దాని డీజిల్‌కు, సఫాయి కార్మికుల జీతాలకు కట్టేది ఆ ఊరివాళ్ల ఇంటిపన్ను, పంచాయతీకి వచ్చే నిధులు. వెయ్యి మంది ఉన్న ఊరికి లెక్కగట్టి ఇచ్చిన నిధులతో ఆదివారం వచ్చిన వేల మంది చెత్త ఎత్తమంటే అది ఏ లెక్కన న్యాయం? పార్కింగ్ ఫీజు ఎవరు వసూలు చేసినా సరే, అందులో ఒక భాగం ఆ నెలలోనే పంచాయతీ ఖాతాలో పడాలి, ఎంత పడిందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి.

డబ్బు రావట్లేదని కూడా అనలేం. 2021 జూలై 25న రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. 2022 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రామప్పకు వచ్చి, పుణ్యక్షేత్రాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన ప్రసాద్ పథకం పనులకు శంకుస్థాపన చేశారు. 2024 నవంబరులో కేంద్రం రామప్ప ప్రాంత సుస్థిర పర్యాటక సర్క్యూట్ పేరుతో 73.74 కోట్లు మంజూరు చేసింది. ఇది రాష్ట్రాలకు ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని అప్పు పథకం కింద వచ్చిన సొమ్ము, అంటే అసలు తీర్చాల్సిందే. ఇక్కడ ఒక విషయం నన్ను బాగా కలవరపెడుతుంది. ఆ సొమ్ము మంజూరైన రోజున మా ఊళ్లలో సర్పంచులే లేరు. పంచాయతీల గడువు 2024 జనవరి 31తో అయిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే. ఒక్కో అధికారికి ఎన్నో ఊళ్లు, మామూలు ఉద్యోగం పైన అదనపు పని. ఏ పని ఎక్కడ కట్టాలి, ఏ భూమిలో కట్టాలి, మురుగు ఎటు పోవాలి అని నక్షా గీసేటప్పుడు ఊరి తరఫున కుర్చీలో కూర్చునేవాళ్లే లేరన్నమాట. ఇప్పుడు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. సర్పంచులందరూ మొదట చేయాల్సిన పని ఆ నక్షాలు తెప్పించుకుని గ్రామసభలో గోడకు అంటించి చదివించడం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందులోనూ ఏజెన్సీ ఊళ్లకు, అంటే గిరిజన ప్రాంతపు ఊళ్లకు, ఇది అడుక్కోవాల్సిన విషయమే కాదు. తాడ్వాయి, ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం వైపు (గోదావరి దగ్గరి వెంకటాపురం, రామప్ప ఉన్న వెంకటాపూర్ వేరే) 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులకు గ్రామసభ ఒప్పుకోవాలి. చట్టం ఉండీ గిరిజనుడి పేరు ముందు పెట్టి వెనక ఇంకొకరు వ్యాపారం నడిపే పద్ధతి ఏజెన్సీలో కొత్తది కాదు, కిరాణా షాపుల్లో, వడ్డీ వ్యాపారంలో చూసిందే. టూరిజం పెరిగితే అదే పద్ధతి కాటేజీల్లోకి, హోటళ్లలోకి వస్తుంది. కోయవాళ్ల ఊళ్లో కోయవాళ్లే వంట మనుషులుగా, వాచ్‌మన్లుగా మిగిలిపోతే ఆ చట్టం తెచ్చిన ఉద్దేశమే పోయినట్టు.

2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు రామప్పకు వచ్చారు. గుడిలోకి పోయేముందు కొందరి కాళ్లు కడగడానికి, తుడవడానికి ఆడవాళ్లు సాయం చేసిన వీడియో చూసి పెద్ద గొడవైంది, పార్టీలవాళ్లు మాట్లాడుకున్నారు, నాలుగు రోజుల్లో మరిచిపోయారు. వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం మన మర్యాద అని కొందరన్నారు. నిజమే, మా అమ్మ ఇప్పటికీ చుట్టాలొస్తే చెంబుతో నీళ్లిస్తుంది. కానీ మా అమ్మ ఇంటి ఇల్లాలి హోదాలో ఇస్తుంది, ఆ తర్వాత వాళ్ల పక్కనే కూర్చుని మాట్లాడుతుంది, ఇష్టం లేకపోతే రావద్దని చెప్పే హక్కు కూడా ఆమెకుంది. నాకు బాధ కలిగించింది నీళ్ల చెంబు కాదు. ఆ రోజు ఆ ఏర్పాట్లను నిర్ణయించిన చోట ఆ ఆడవాళ్లకు ఒక్క మాట అనే అవకాశం ఉండి ఉంటుందా అన్నది.

పాలంపేటవాళ్ల ఇబ్బంది ఇంకోటి, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. కేంద్రం రక్షించే కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్తగా కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకునే కట్టాలి. 2010లో చట్టం సవరించాక ఇది ఇంకా గట్టిపడింది. గుడిని కాపాడాలంటే ఇది అవసరమే, నేను ఒప్పుకుంటాను, ఇసుక పునాది మీద నిలబడిన గుడి పక్కన ఎవరికి తోచినట్టు వాళ్లు తవ్వితే ఏమవుతుందో ఊహించొచ్చు. కానీ కొడుక్కి పెళ్లైతే పక్కన ఒక గది వేసుకోవాలనుకునే ఇంటాయనకు ఆ అనుమతి కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో ఎవరు చెప్తారు? వారసత్వం ప్రపంచానిది అంటున్నాం. దాన్ని కాపాడే భారంలో ఎక్కువ భాగం ఆ గుడి చుట్టూ ఉన్న కొన్ని ఇళ్ల మీద పడుతోంది. మండలంలో నెలకొక రోజు ఆ దరఖాస్తులకే కేటాయించి, నక్షా గీయడానికి ఒక మనిషిని పెడితే చాలు.

వానాకాలం జలపాతాల సంగతి చెప్పకుండా ఉండలేను. 2023 జూలై ఆఖరులో ములుగు జిల్లాలో వాన ఎట్లా పడిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అదే వానల్లో అడవి లోపలి ముత్యాలధార జలపాతం చూడటానికి పోయి సుమారు 80 మంది వాగు అవతల చిక్కుకుపోయారు, రక్షణ బృందాలు రాత్రంతా కష్టపడి తీసుకొచ్చాయి. ఆ వెంటనే జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది, ఎనిమిది మంది కొట్టుకుపోయారు. ఆ టూరిస్టుల వల్లే కొండాయిలో ప్రాణాలు పోయాయని నేను అనను, అది అన్యాయమైన మాట. కానీ ఏజెన్సీలో వాగులు పొంగే రోజుల్లో పడవలు, తాళ్లు, మనుషులు అన్నీ లెక్కకు తక్కువే ఉంటాయి. రెడ్ అలర్ట్ ఉన్న రోజు జలపాతానికి పోవడమంటే, ఆ కొద్దిపాటి సాయాన్ని ఊళ్లకు అవసరమైన పూట మనం వాడుకోవడం. బొగత జలపాతాన్ని వరద ఎక్కువైనప్పుడు అటవీ శాఖ మూసేస్తుంది. మూసేస్తే గేటు దగ్గర గొడవ పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

మేడారాన్ని నేను టూరిజం అనను, అది మొక్కు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క, సారలమ్మ గద్దెకొస్తారు, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. మేము కూడా ఎత్తు బంగారం (మనిషి బరువుకు సరితూగే బెల్లం) ఇచ్చుకునేవాళ్లమే. అయినా ఊరట్టం, నార్లాపూర్, కన్నెపల్లి, రెడ్డిగూడెం రైతుల వైపు నుంచి ఒక్కసారి చూడాలి. జాతర ఏడాది ఆ చుట్టుపక్కల పొలాల్లో విడిది గుడారాలు, పార్కింగ్‌లు పడతాయి, యాసంగి వరి పెట్టుకునే వీలుండదు. జనం పోయాక ఆ మళ్లల్లో సీసా పెంకులు ఉంటాయి, నాట్లప్పుడు వంగి నడిచే ఆడవాళ్ల కాళ్లకు అవి గుచ్చుకుంటాయి. పంట నష్టానికి ఎకరాకు ఇంత అని జాతరకు ముందే లెక్కగట్టి, జాతర ఖర్చులోనే రాసి, రైతు ఖాతాలో వేయాలి. తల్లుల దగ్గరికి పోయేవాళ్లం ఆ తల్లుల ఊరి పొలంలో గాజు సీసా పగలగొట్టకూడదు, ఇది చెప్పడానికి చట్టం కూడా అక్కర్లేదు.

జనం ఎక్కువైతే ఏం చేయాలన్నది మనమే కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఊటీ, కొడైకెనాల్‌కు వచ్చే బండ్లకు మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు, ఆ తర్వాతి ఏడాది వేసవికి రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి కూడా పెట్టారు. స్థానికుల బండ్లకు ఆ ఇబ్బంది లేదు. లక్నవరానికి ఏడాదంతా ఇది అక్కర్లేదు. చెరువు నిండి మత్తడి దుంకే (అలుగు పారే) ఆదివారాలు, వరుస సెలవులు, కొత్త సంవత్సరం రోజులు, వీటికి పెడితే చాలు. ఇన్ని కార్లు నిండాయి, ఇక మీద వచ్చేవాళ్లు రేపు రండి అని జాతీయ రహదారి మీదే బోర్డు చెప్పాలి, ఊరి మధ్యకు వచ్చాక కాదు.

డబ్బు ఇంటికి చేరే పద్ధతి కూడా మన దగ్గరే ఉంది. ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా భూదాన్ పోచంపల్లిని ఎంచింది. అక్కడికి పోయినవాళ్లు మగ్గం చూస్తారు, నూలుకు చిటికి కట్టడం (రంగు అంటకుండా ముడులు వేయడం) చూస్తారు, చీర కొనుక్కుంటారు, ఆ డబ్బు నేతపని ఇంట్లోకే పోతుంది. మన వరంగల్ దారిలోనే ఉన్న పెంబర్తికి 2023లో జాతీయ స్థాయిలో ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు వచ్చింది, అక్కడి ఇత్తడి పనికి అంతకుముందే భౌగోళిక గుర్తింపు ఉంది. లక్నవరం పోయేవాళ్లలో ఎంతమంది పెంబర్తిలో అరగంట ఆగుతారు? దీపపు కుందో, చిన్న జ్ఞాపికో కొన్నా అది ఒక పనివాడి రోజు కూలి. మా ఊళ్లో చీరలు, ఇత్తడి లేవు. బియ్యం ఉన్నాయి, చెరువు చేపలు ఉన్నాయి, అడవి నుంచి తేనె, ఇప్పపువ్వు వస్తాయి. ఇళ్లలో రెండు గదులు శుభ్రంగా ఉంచుకుని మనుషులను దించుకునే ఏర్పాటు మహిళా సంఘాల ద్వారా పెట్టొచ్చు, అన్నం, చేపల పులుసు, పచ్చిపులుసు వడ్డించొచ్చు. అయితే ఏప్రిల్, మేలో తునికాకు తెంపే రోజుల్లో ఏజెన్సీ ఊళ్లలో తెల్లవారకముందే ఇల్లంతా అడవిలో ఉంటుంది. నాట్లప్పుడు ఆడవాళ్లు పొలంలో ఉంటారు. ఆ రోజుల్లో గదులు ఇవ్వబోమని చెప్పే స్వేచ్ఛ వాళ్లకుండాలి, ఇవ్వకపోతే రేటింగ్ పడిపోతుందని టెన్షన్ ఉండకూడదు.

మా తమ్ముడు, ఇంకో నలుగురు రైతులు కలిసి వచ్చే గ్రామసభలో పెట్టడానికి ఒక కాగితం రాస్తున్నారు, నేను రాతపనిలో సాయం చేస్తున్నా. నీటిమట్టం తైబందీకే కట్టుబడి ఉండాలన్నది మొదటి మాట. పార్కింగ్ డబ్బుల్లో పంచాయతీ వాటా, వలలు తీసే వేళ దాటాకే బోట్లు, కోతల కాలంలో మలుపుల దగ్గర బండ్లు ఆపకుండా ఒక కాపలా మనిషి, కల్లాలకు జాగా. చిన్నమ్మ తన మాట కూడా కలపమంది: బండ్లు జరపాల్సి వస్తే ముందే చెప్పాలి, జరిపిన చోట నీడ ఉండాలి. చేపల సంఘం పెద్దమనిషి సంతకం పెడతానన్నాడు, ఆటోలవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు, గిరాకీ తగ్గుతుందేమోనని వాళ్ల భయం. వాళ్లతో మళ్లీ మాట్లాడాలి. మీ ఊరి పంచాయతీ పార్కింగ్ ఫీజు గురించో, టూరిస్టుల చెత్త గురించో తీర్మానం చేసి ఉంటే దాని నకలు నాకు పంపండి, తెలంగాణ పంచాయతీదైతే ఇంకా మంచిది. తీర్మానంలో ఏ మాటలు వాడారో, మండలంలో ఏ అభ్యంతరం చెప్పారో తెలిస్తే మా కాగితం కొంచెం గట్టిగా రాసుకుంటాం.